మాటుతో బతికే రేడియేటర్

రోహిణి కార్తెలో మద్రాసు రోడ్డు మీద పాత అంబాసిడర్‌ నడిపే మనిషికి ఇంజను వేడి చూపించే ముల్లు మీదే ధ్యాస. తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, మనుబోలు దాటి వెంకటాచలం చేరేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచిందంటే, నెల్లూరు కూతవేటు దూరమే అయినా బండి ఆపాల్సిందే. అలాంటి బండిని మళ్లీ రోడ్డెక్కించే విద్య మన రహదారుల పక్క షెడ్లలో, ఆటోనగర్లలో ఉంది. వింటేజ్ కార్ల గురించి రాసేవాళ్లు రంగునూ క్రోమునూ పొగుడుతారు గానీ ఈ విద్య జోలికి రారు.

ఇంజనులో కాలిన పెట్రోలు వేడిలో దాదాపు మూడో వంతును నీళ్లే మోసుకుపోవాలి. ఆ వేడిని గాలికి అప్పజెప్పేది రేడియేటర్. నీటిని ఎంత సన్నని పాయలుగా చీలిస్తే గాలికి అంత ఎక్కువ తగులుతుంది. 1900లో విల్‌హెల్మ్ మేబాక్ 35 హార్స్‌పవర్ మెర్సిడెస్ కోసం 8,070 చిన్న గొట్టాలతో తేనెపట్టు రేడియేటర్ రూపొందించింది ఈ లెక్కతోనే. అంబాసిడర్ కాలానికి ఆ రూపం మారింది. పైన ఒక ఇత్తడి ట్యాంకు, కింద ఒకటి, మధ్యలో నిలువు ట్యూబులు, వాటిని పట్టుకున్న రాగి రేకులు. ట్యూబులూ రేకులూ ఉన్న ఈ నడిమి భాగమే కోర్. అన్నిటినీ కలిపి ఉంచేది తగరం, సీసం కలిసిన మాటు.

మంచి మెకానిక్ బండి వేడెక్కిందనగానే రేడియేటర్ విప్పడు. ఫ్యాన్ బెల్టు, హోసు పైపులు, థర్మోస్టాట్, ఇగ్నిషన్ టైమింగ్ ముందు చూస్తాడు. ఇంజను కాసేపు నడిపి, ఆపి, కోర్ మీద జాగ్రత్తగా అరచెయ్యి ఆనిస్తాడు. అంతా కాలుతూ ఒకచోట చల్లగా తగిలితే అక్కడి ట్యూబులు పూడుకుపోయినట్టే. కారుతోందని అనుమానం వస్తే రేడియేటర్ దించి, మూతులకు బిరడాలు బిగించి, నీళ్లతొట్టిలో ముంచి కొద్దిగా గాలి పంపుతాడు. బుడగ లేచిన చోట చిల్లు.

తీరప్రాంతపు బండ్లకు పూడిక బాధ ఎక్కువ. ఉప్పు, సున్నం ఉన్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి పోస్తే ట్యూబుల లోపల పొర గట్టిపడుతుంది. దారిలో చిల్లు ఆపడానికి డ్రైవర్లు పసుపు పోయడం పాత అలవాటు. ఊరు చేర్చే ఉపాయమే అయినా ఆ పసుపూ చివరికి ట్యూబుల్లోనే పేరుకుంటుంది. అప్పుడు పై ట్యాంకు మాటు కరిగించి విప్పి, పలుచని ఉక్కు పట్టీని ఒక్కో ట్యూబులోకి దించి పొర గీకాలి. తొందరపడితే ట్యూబు గోడ చీలుతుంది.

అసలు పనితనం మాటులో ఉంది. తగరం 63, సీసం 37 పాళ్లలో కలిస్తే 183 డిగ్రీలకే కరుగుతుంది. రాగి కరగడానికి 1,085 డిగ్రీలు కావాలి. అందుకే రాగికి హాని లేకుండా అతుకు వేయొచ్చు, మళ్లీ విప్పొచ్చు. ముందు లోహాన్ని మెరిసేదాకా రుద్ది, జింకు ముక్కలు కరిగించిన యాసిడ్ పూస్తారు. ఇత్తడి గిన్నెకు కళాయి పోసేవాళ్లు నవాసాగరం చల్లేదీ ఇందుకే: పైన మకిలి ఉంటే తగరం అంటదు. మంట ఎక్కువైతే పక్క అతుకు ఊడుతుంది, తక్కువైతే మాటు పైపైనే ముద్దకడుతుంది. సరైన వేడికి అది తళుక్కుమని సందులోకి తనే పాకుతుంది. ఆ క్షణాన్ని పట్టే చూపు ఏళ్ల పనితోనే వస్తుంది. చివర్లో వంటసోడా నీళ్లతో యాసిడ్ కడిగేయాలి, లేదంటే అదే కొత్త చిల్లు పెడుతుంది.

ట్యూబులే అరిగిపోయి ఉంటే కోర్ మార్చాలి. అప్పుడూ పాత ట్యాంకులు, పక్క పట్టీలు, మూతి అలాగే ఉంచి మధ్యలో మాత్రమే కొత్త రాగి కోర్ కూర్చుతారు. ట్యూబుల వరసలు, రేకుల దగ్గరితనం పాతదానికి సరిపోవాలి. మందమైన కోర్ వేస్తే మేలనుకోవడం పొరపాటు, గాలి దూరకపోతే ఎంత రాగి ఉన్నా దండగే.

ఇప్పటి కార్లలో ఎక్కువగా అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకు. తేలిక, చవక, కొత్త బండికి తగినవే. కానీ ఆ ప్లాస్టిక్ పగిలితే మాటు వేసే దారి లేదు. పాత కారుకు అలాంటిది తగిలిస్తే పోయేది అందం ఒక్కటే కాదు, బాగుచేసుకునే వీలు కూడా. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కారును వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకూడదన్నది అందులో ఒక షరతు. బండిని నిజంగా ప్రేమించేవాళ్లు రేడియేటర్‌కూ అదే మర్యాద ఇవ్వాలి.

ఈ విద్య నిలవాలంటే పని చేసే మనిషి ఆరోగ్యం ముందు నిలవాలి. సీసం, యాసిడ్ పొగలు ఒంటికి చేటు. గాలి ఆడే షెడ్డు, చేతి తొడుగులు, తిండికి ముందు చేతులు కడుక్కోవడం తప్పనిసరి. వెంకటాచలంలోనే స్వర్ణభారత్ ట్రస్టు యువతకు వృత్తి విద్యలు నేర్పుతోంది. ఇలాంటి కేంద్రాల్లో, ఐటీఐల మోటార్ మెకానిక్ తరగతుల్లో మాటు పనికి కొన్ని వారాలు కేటాయించి, షెడ్లలోని పెద్ద మేస్త్రీలను గురువులుగా పిలవాలి. కారు యజమానులు కొత్త రేడియేటర్ ధరతో పోల్చి మేస్త్రీ కూలి తగ్గించడం మానాలి. వాళ్లు చెల్లించేది ఒక చిల్లు పూడ్చినందుకు కాదు, వచ్చే యాభై ఏళ్లూ ఆ చిల్లు పూడ్చగలిగే మనిషి ఉన్నందుకు.