తొడ రక్తమా, గుండె రక్తమా?

మా ల్యాబుకు విసెరా సీసాలు లక్క సీళ్ళతో వస్తాయి. సీలును నమూనా సీలుతో సరిచూసుకున్నాకే మూత తీస్తాం. చిక్కటి ఉప్పునీళ్ళలో జీర్ణాశయం, కాలేయం, మూత్రపిండాల ముక్కలు. వేరే సీసాలో రక్తం.

ఆ వారం వెతకాల్సింది ట్రమడాల్. ఆపరేషన్ నొప్పికి డాక్టర్లు రాసే మందే. 2018 నుంచి మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది.

కాలేయంతో ఓపిక కావాలి. గ్రాము ముక్కను కత్తెరతో సన్నగా తరిగి, నీళ్ళు పోసి హోమోజినైజర్‌తో మెత్తగా చేస్తాం. వెంటనే డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) చేర్చిన ట్రమడాల్‌ను కొలిచి కలుపుతాం. తర్వాతి పనుల్లో అసలు మందు ఎంత పోతే ఇదీ దాదాపు అంతే పోతుంది. చివర్లో రెండింటినీ పోల్చితే, పోయినదాని లెక్క కూడా తేలిపోతుంది. ఈ పద్ధతికి ప్రాణం ఇదేనని నా నమ్మకం. ఆ పైన క్షారం వేసి, మందును ద్రావకంలోకి లాగుతాం. 1850లో బెల్జియంలో జీన్ స్టాస్ శవం అవయవాల నుంచి నికోటిన్‌ను లాగిందీ ఈ కిటుకుతోనే. ఆ ద్రావకాన్ని పరీక్షించే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో 264 బరువు అయాన్ విరిగి 58 ముక్క రావాలి, అదీ సరైన సమయానికి రావాలి. అప్పుడే ట్రమడాల్ అంటాం.

వచ్చింది. రక్తంలో లీటరుకు 2 మిల్లీగ్రాముల పైనే. డాక్టరు చెప్పినట్టు వాడేవాళ్ళలో మామూలుగా ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. లేబుల్ తిప్పి చూశాను. 'రక్తం' అని ఉంది. అంతే.

ప్రాణం పోయాక మందు ఉన్నచోటే ఉండదు. కాలేయం, ఊపిరితిత్తులు, గుండె కండరం పట్టి ఉంచుకున్నది మెల్లగా పక్కనున్న రక్తంలోకి దిగుతుంది. అందుకే గుండెలో తీసిన రక్తం తొడ సిర రక్తం కన్నా ఎక్కువ చూపించవచ్చు. మనిషి ఒకడే, మింగిన మాత్రలు అవే, అంకెలు మాత్రం రెండు.

"ఎక్కువ మింగాడని రాసేయొచ్చు కదా సార్? వాళ్ళమ్మ రోజూ స్టేషన్‌కొచ్చి అడుగుతోంది" అన్నాడు దర్యాప్తు అధికారి. ఆ తల్లి కోసమే రాయలేకపోయాను. తప్పు మాట చెబితే ఆమె జీవితాంతం దాన్నే మోస్తుంది. అంకె వేసి, రక్తం ఎక్కడ తీశారో తెలియనందున ఈ అంకె ఒక్కదానితో మరణకారణం తేల్చలేమని రాశాను.

పోస్టుమార్టం చేసే డాక్టర్లకు ఒక మనవి. వీలైనంతవరకు తొడ సిర నుంచే తీయండి. సీసాలో ఫ్లోరైడ్ వేయండి. ఎక్కడ తీసినా సరే, ఆ చోటు పేరు లేబుల్ మీద రాయండి.