తారల శ్రేణులను ఎంతవరకు నమ్మవచ్చును?

ఫిలింనగర్‌లోని ఏ నిర్మాత కార్యాలయములో కూర్చున్నా, కృష్ణానగర్‌లోని ఏ టీకొట్టు వద్ద నిలబడినా, రెండు ప్రశ్నలు తప్పక వినబడుతవి. "ఇప్పుడు నంబర్ వన్ ఎవరు?" అన్నది మొదటిది. "రాబోయే చిత్రములలో ఏది ఆడుతుంది?" అన్నది రెండవది. సమాధానము చెప్పేవారికి కొదవ లేదు. ప్రేక్షకుల అభిప్రాయములు సేకరించి నెలనెలా తారల శ్రేణులను ప్రకటించే సంస్థలు ఉన్నవి. ముంబయిలోని ఆర్మాక్స్ మీడియా అట్టిదే. జనులు ఎదురుచూస్తున్న చిత్రముల పట్టికలు విడుదలకు ముందే వస్తున్నవి. విడుదలైన నాటి మధ్యాహ్నమునకే అయిదింటికి ఇన్ని నక్షత్రములని తీర్పులు వెలువడుతున్నవి.

వీటికంటె పాతది, బలమైనది మరొక శ్రేణి ఉన్నది. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ప్రాంతములను విభజించుకొని, ఒక కథానాయకుని చిత్రమునకు పంపిణీదారులు విడుదలకు ముందే పలికే ధరయే ఆ శ్రేణి. దీనినే అక్కడివారు "మార్కెట్" అంటారు.

ఇవన్నీ కాలక్షేపమునకే అయితే వైజ్ఞానిక పత్రికలో వీటిని చర్చించవలసిన పని లేదు. కాని వీటిని నమ్మియే పంపిణీదారు వడ్డీకి సొమ్ము తెచ్చి హక్కులు కొంటున్నాడు. వీటిని చూచియే ఒక కొత్త నటికి తలుపు తెరుస్తున్నారు, లేదా మూస్తున్నారు. ఇంతమంది బ్రతుకుతెరువు ఒక కొలబద్ద మీద ఆధారపడినప్పుడు, ఆ కొలబద్ద సరియైనదేనా అని అడుగుట సంఖ్యాశాస్త్రము యొక్క విధి.

అమెరికాలో ఒక పోలిక

ఇట్టి ప్రశ్నయే అమెరికాలో చాలకాలముగా నలుగుతున్నది. అక్కడి ఫుట్‌బాల్ మనము ఆడే కాలిబంతి ఆట కాదు. బంతిని చేతబట్టి పరుగెత్తే మరొక ఆట. ఉన్నత పాఠశాలలో ఆడే బాలురను పరిశీలించి, కళాశాల జట్లలో చేరకముందే వారికి నక్షత్రములు ఇచ్చే సంస్థలు అక్కడ ఉన్నవి. రైవల్స్, 247 స్పోర్ట్స్ వాటిలో పేరుపొందినవి. దేశము మొత్తము మీద ఏటా సుమారు ముప్పది మందికి మాత్రమే అయిదు నక్షత్రములు లభించును. మూడు నక్షత్రముల వారు వేయికి పైగా ఉందురు.

ఈ శ్రేణులను ఎగతాళి చేసేవారు జె. జె. వాట్ పేరు చెప్పుదురు. బాలుడుగా అతనికి లభించినవి రెండే నక్షత్రములు. అట్టివాడు తరువాత వృత్తి క్రీడాకారుడై, 2012, 2014, 2015 సంవత్సరములలో రక్షణపంక్తిలో ఉత్తమ క్రీడాకారుడుగా ఎన్నికైనాడు. "చూచితిరా, నక్షత్రములన్నీ బూటకము!" అని వారి వాదము.

కాని లెక్క వేసి చూస్తే అయిదు నక్షత్రముల వారిలో వృత్తి జట్లకు ఎంపికయ్యే వారి పాలు, మూడు నక్షత్రముల వారిలో కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. ఒక్క వాట్ ఈ లెక్కను చెరపలేడు. అదే విధముగా, ఈ లెక్క ఎంత నిజమైనా, రెండు నక్షత్రముల బాలుడు ఒకడు ఎదురుగా నిలబడినప్పుడు, అతడు వాట్ అగునో కాడో చెప్పలేదు. శ్రేణి గుంపును గూర్చి చెప్పగలదు. మనిషిని గూర్చి చెప్పగలిగినది చాల స్వల్పము. ఈ భేదము మరచుటయే ఫిలింనగర్ అంచనాలలోని మొదటి దోషము.

చిన్న చిత్రముల లెక్క

మన వద్ద కూడ వాట్ వంటి ఉదాహరణములకు కొదవ లేదు. 2016లో "పెళ్ళి చూపులు", 2023లో "బలగం" పెద్ద తారలు లేకయే ప్రజాదరణ పొందినవి. 2024 జనవరి 12న "గుంటూరు కారం", "హను-మాన్" ఒకే దినమున విడుదలైనవి. రెండవ దానికి ప్రదర్శనశాలలు తక్కువగా దొరికినను, అది అంచనాలను మించి ఎన్నో వారములు ఆడినది. ఇట్టివి జరిగినప్పుడెల్లా "తారలతో పని లేదు, కథయే కథానాయకుడు" అన్న మాట వినబడుతుంది.

ఈ మాటను పరీక్షించుటకు ఒక ఊహాజనితమైన లెక్క తీసికొందాము. ఒక ఏడాది 200 చిత్రములు వచ్చినవనుకొనుడు. వాటిలో పెద్దవి 10, చిన్నవి 190. పెద్ద చిత్రములలో సగము, అనగా 5 విజయము పొందినవి. చిన్నవాటిలో పదింట ఒకటి చొప్పున 19 విజయము పొందినవి. మొత్తము విజయములు 24. అందులో 19 చిన్న చిత్రములవే! "నూటికి 79 విజయములు చిన్న చిత్రములవి" అని ఒకరు అనవచ్చును. "పెద్ద చిత్రము గెలిచే అవకాశము చిన్నదానికంటె అయిదు రెట్లు" అని మరొకరు అనవచ్చును. ఇద్దరూ నిజమే చెప్పుచున్నారు. కాని మదుపు పెట్టేవానికి పనికివచ్చేది రెండవ వాక్యమే. ఓడిపోయిన 171 చిన్న చిత్రముల పేర్లు ఎవరికిని గుర్తుండవు గనుక మొదటి వాక్యము చెవికి ఇంపుగా ఉంటుంది.

నటుల విషయము కూడ ఇట్టిదే. ఏ చలనచిత్ర కుటుంబమునకును చెందని చిరంజీవి 1978లో తెరమీదికి వచ్చి ఎంతటివాడైనాడో మనకు తెలియును. ఆయన వలెనే ప్రయత్నించి మధ్యలో ఆగిపోయిన వారి జాబితా ఎక్కడను లేదు. కృష్ణానగర్‌లో ఒక గది అద్దెకు తీసికొని, ఫొటోలు పట్టుకొని ఆఫీసులు తిరిగే యువకుడు గెలిచినవారి కథలను మాత్రమే వింటున్నాడు. ఓడినవారిని కూడ కలుపుకొని లెక్కించనిదే అతని అవకాశమెంతో తేలదు.

"ఐరన్ లెగ్"

ఫిలింనగర్ శ్రేణులలో అతి క్రూరమైనది నటీమణులకు పెట్టే "ఐరన్ లెగ్", "గోల్డెన్ లెగ్" అన్న బిరుదము. ఒక నటి నటించిన రెండు మూడు చిత్రములు వరుసగా ఆడకపోతే ఆమె పాదము మంచిది కాదని ప్రచారము బయలుదేరుతుంది. ఇది మూఢనమ్మకమని చెప్పి ఊరకుండుట సులభము. అది ఎట్లు తప్పో లెక్కలో చూచుట మేలు.

అయిదు చిత్రములలో ఒకటి మాత్రమే విజయము పొందుననుకొందాము. అప్పుడు ఏ చిత్రమైనను అపజయము పొందే సంభావ్యత 4/5. మూడు చిత్రములు వరుసగా పోయే సంభావ్యత 4/5ను మూడుమార్లు గుణించగా వచ్చును. అది 64/125, అనగా నూటికి 51 పాళ్లు. ఆ చిత్రముల జయాపజయములతో నటికి ఏ సంబంధము లేకపోయినను, కొత్తగా వచ్చిన నూరుగురిలో 51 మందికి మొదటి మూడు చిత్రములును పోవుననుట! సగము మందికి పైగా కేవలము యాదృచ్ఛికముగా "ఐరన్ లెగ్" అగుదురు.

2011లో రెండు తెలుగు చిత్రములు ఆడనందున శ్రుతి హాసన్‌కు ఈ పేరే పెట్టినారు. 2012లో "గబ్బర్ సింగ్" ఘనవిజయము పొందగానే అదే పాదము బంగారమైనది. ఆమెలోని నటనాశక్తి ఒక్క ఏడాదిలో తలక్రిందులు కాలేదు కదా! మారినది కొలత మాత్రమే. రెండు మూడు పరిశీలనలతో ఒక మనిషి విలువ కట్టరాదని ఏ ప్రయోగశాలలోని విద్యార్థియైనను చెప్పును. అయితే ఈ తప్పు కొలతకు శిక్ష అనుభవించేది కొలిచినవారు కారు, కొలవబడినవారు. పేరు పడిన నటికి నాలుగవ చిత్రమే దొరకకపోతే తీర్పు తప్పని ఋజువు చేసే అవకాశము కూడ పోయినట్లే.

దీనికి మరొక ముఖము ఉన్నది. ఒక అసాధారణ విజయము తరువాత వచ్చే ఫలితము సాధారణముగా సగటు వైపునకు జరుగును. 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తులను, బిడ్డల ఎత్తులను పోల్చి ఈ ధర్మమును వివరించినాడు. 2017లో "బాహుబలి" రెండవ భాగము తరువాత ప్రభాస్ నటించిన "సాహో" (2019), "రాధేశ్యామ్" (2022) ఆ ఎత్తును అందుకొనలేదు. 2024లో "కల్కి 2898 ఏడీ" తిరిగి పెద్ద విజయము పొందినది. మనిషి ఒకడే. శిఖరము మీది ఫలితమును చూచి తరువాతి చిత్రమునకు ధర కట్టిన పంపిణీదారు, సగటుకు ఇవ్వవలసిన చోట శిఖరమునకు ఇచ్చినవాడగును.

శ్రేణిని పరీక్షించుట ఎట్లు?

ముందు వేసిన వరుసను, తరువాత వచ్చిన వరుసను పోల్చుటకు 1904లో చార్లెస్ స్పియర్‌మన్ ఒక సాధనము చూపినాడు. దానిని శ్రేణి సహసంబంధము అనవచ్చును. రెండు వరుసలు పూర్తిగా కలిస్తే విలువ 1. పూర్తిగా తిరగబడితే −1. పొంతన లేకపోతే 0.

ఒక సంక్రాంతికి అయిదు చిత్రములు వచ్చినవనుకొనుడు. ఒక జోస్యుడు వాటికి 1, 2, 3, 4, 5 అని వరుస వేసినాడు. ఫలితములలో అవి క్రమముగా 2, 1, 3, 5, 4 స్థానములు పొందినవి. స్థానముల తేడాల వర్గములు కూడితే 4. దానిని 6తో గుణించి, 120తో (అనగా 5ను 24తో గుణించగా వచ్చిన దానితో) భాగించి, 1 నుండి తీసివేస్తే 0.8 వచ్చును. చాల మంచి అంచనా అనవలెను. మరొక జోస్యుని విషయములో మధ్య మూడు చిత్రములు చెప్పినచోటనే నిలిచి, మొదటిది అయిదవదానికి, అయిదవది మొదటిదానికి మారినవి. అయిదింట మూడు సరిపోయినవని అతడు చాటుకొనవచ్చును. కాని లెక్క వేస్తే −0.6 వచ్చును! సొమ్మంతయు కొసల మీదనే ఆధారపడి ఉన్నది గనుక ఈ లెక్కయే న్యాయమైనది.

మొదటి జోస్యుని 0.8 కూడ అంతగా మురియదగినది కాదు. అయిదు చిత్రములను 120 విధములుగా వరుస పెట్టవచ్చును. వాటిలో 8 విధములు 0.8 గాని అంతకుమించి గాని ఇచ్చును. అనగా కళ్లు మూసికొని చీట్లు తీసినవారిలో కూడ పదిహేనుగురికి ఒకరు అంతటి "పండితుడు" అగును. పదిహేనుగురు వరుసలు ప్రకటిస్తే ఒకరైనను సరిపోవుట వింత కాదు. ఆ ఒక్కరే మరునాడు "మేము ముందే చెప్పినాము" అని అందును. తక్కిన పదునలుగురు మౌనము వహింతురు.

ఫలితమును కొలుచుటలో కూడ చిక్కు ఉన్నది. మన దేశములో చిత్రముల వసూళ్లను లెక్కించి ప్రకటించే అధికార సంస్థ లేదు. పోస్టరు మీది కోట్లు సాధారణముగా "గ్రాస్". పన్ను, ప్రదర్శనశాల అద్దె పోగా పంపిణీదారునకు మిగిలేది "షేర్". అది కొన్న ధరను మించినదా లేదా అన్నదే జయాపజయములను నిర్ణయించును. ఏ సంఖ్యను ఏ సంఖ్యతో పోల్చుచున్నారో చెప్పని పట్టిక ఎంత అందముగా ఉన్నా ప్రయోజనము లేదు.

అంచనాయే ఫలితమును మార్చినప్పుడు

ఇంతకంటె లోతైన సందేహము ఒకటి మిగిలి ఉన్నది. వర్షము వచ్చునని చెప్పినంత మాత్రాన వర్షము రాదు. కాని పెద్ద చిత్రమని చెప్పినందున దానికి పండుగ తేదీ, ఎక్కువ ప్రదర్శనశాలలు, ఎక్కువ ప్రచారము లభించును. అప్పుడు వచ్చిన వసూళ్లలో అంచనా చెప్పినవాని తెలివి ఎంత, ఆ అంచనా తెచ్చిపెట్టిన సదుపాయముల పాలు ఎంత? అమెరికాలో కూడ, పెద్ద కళాశాల పిలిచినదని తెలియగానే బాలుని నక్షత్రములు పెరుగుతున్నవన్న విమర్శ ఉన్నది.

2006లో సాల్గనిక్, డాడ్స్, వాట్స్ అను శాస్త్రజ్ఞులు ఒక చక్కని ప్రయోగమును ప్రకటించినారు. 14,341 మందికి, ఎవరికిని తెలియని 48 పాటలు వినిపించినారు. కొందరికి ఇతరులు ఏ పాటను ఎంతగా ఎన్నుకొన్నారో చూపలేదు. తక్కినవారిని ఎనిమిది గుంపులుగా విడదీసి, ఏ గుంపువారికి ఆ గుంపులోని ఎన్నికలను మాత్రమే చూపినారు. ఒక గుంపులో పైకి వచ్చిన పాట మరొక గుంపులో అట్లే రాలేదు. మిక్కిలి మంచి పాటలు అట్టడుగునకు పోవుట, మిక్కిలి చెడ్డవి పైకి వచ్చుట అరుదు. మధ్యవాటికి మాత్రము ఏ గతియైనను పట్టినది. పాటలను వరుసక్రమములో పేర్చి చూపినప్పుడు హెచ్చుతగ్గులు మరింత పెరిగినవి, ముందుగా చెప్పుట మరింత కష్టమైనది. అనగా శ్రేణి జనాభిరుచిని కొలుచుటతో ఆగదు. దానిని కొంత తయారు చేయును కూడ.

ముగింపు

కావున శ్రేణులన్నియు అబద్ధమనుట తొందరపాటు. పెద్ద తారకు తొలి దినముల ప్రేక్షకులను రప్పించే శక్తి ఉన్నది. గుంపుగా చూచినప్పుడు ఆ శక్తి లెక్కకు అందును. కాని శ్రేణిని ఒక్క చిత్రమునకు, ఒక్క మనిషికి తీర్పుగా వాడరాదు. తారల శ్రేణి కొలిచేది జనాదరణను. నటనాశక్తిని కాదు, రాబోయే చిత్రము భవిష్యత్తును అసలే కాదు.

వాతావరణ శాస్త్రజ్ఞులు ఈ విషయములో మనకు ఆదర్శము. గ్లెన్ బ్రయర్ 1950లోనే వారి సూచనలకు మార్కులు వేసే పద్ధతి చూపినాడు. నూటికి 70 పాళ్లు వర్షమని చెప్పిన దినములలో నిజముగా 70 పాళ్లు వర్షము పడినదా అని వారు తమ్ము తాము పరీక్షించుకొందురు. తారల శ్రేణులు ప్రకటించేవారు కూడ తమ అంచనాలను విడుదలకు ముందు తేదీ వేసి వ్రాయవలెను. తప్పినవాటిని దాచక ఏడాది చివర లెక్క చూపవలెను. అంతవరకు పంపిణీదారు ఆ పట్టికను చూచి సొమ్ము పెట్టే ముందు రెండుమార్లు ఆలోచించుట మంచిది. నిర్మాత మూడు చిత్రములను చూచి ఒక నటికి తలుపు మూసే ముందు, ఆ 64/125ను ఒకమారు జ్ఞాపకము చేసికొనుట న్యాయము.