బంతి మోయని అయిదుగురు

2024 నవంబర్ 30న కొలంబస్‌లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 13–10తో ఓడిపోయింది. అప్పటికే అయిదు మ్యాచ్‌లు ఓడి వచ్చిన జట్టు మిషిగన్. ఒహాయో స్టేట్‌ది దేశంలో రెండో ర్యాంకు. మిషిగన్ దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ ఆ రోజంతా పాసులతో సంపాదించినవి 62 గజాలే, పైగా రెండు పాసులు ప్రత్యర్థుల చేతుల్లో పడ్డాయి. అయినా గెలుపు వాళ్లదే. మిషిగన్‌ను ఓడించడమంటే ఈ ఊరికి సీజన్ మొత్తం గెలిచినంత. అలాంటి మ్యాచ్ వరసగా నాలుగోసారి చేజారింది. కోచ్ రయన్ డేను సాగనంపాలని వీధివీధినా తీర్మానాలు జరిగాయి. రెండు నెలలు తిరక్కుండానే అదే కోచ్, అదే జట్టు జాతీయ ఛాంపియన్లయ్యారు.

ఈ మధ్యలో ఏం మారిందో నాకు టీవీ వ్యాఖ్యాతల కంటే మా పక్కింటి పెద్దాయన చూపు వల్లే ఎక్కువ అర్థమైంది. ఒకప్పుడు హైస్కూలు పిల్లలకు లైన్‌లో నిలబడటం నేర్పిన మనిషి. క్రికెట్ చూసి పెరిగిన నా కళ్లు బంతి వెంటే పరుగెత్తేవి. బంతి కదిలిన మొదటి రెండు సెకన్లు దాన్ని వదిలేయమని, ముందు వరసలోని అయిదుగురి కాళ్లు చూడమని ఆయన చెప్పేవాడు. కబడ్డీలో కూతకెళ్లినవాడి మీదే చూపు నిలిపితే గొలుసు ఎక్కడ బిగుస్తోందో తెలియదు కదా, ఇదీ అంతే.

ఆ అయిదుగురిలో మధ్యనుండే సెంటర్ బంతిని కాళ్ల మధ్యనుంచి వెనక్కి అందిస్తాడు. అతనికి అటూ ఇటూ గార్డులు, వాళ్ల పక్కన టాకిళ్లు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలన్నది ఆట నియమం. పరుగైతే వీళ్లు దారి తియ్యాలి. పాసైతే క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎవరూ దూసుకు రాకుండా ఆపాలి. పని బాగా జరిగినప్పుడు వీళ్ల ఊసెత్తేవాళ్లుండరు. తప్పు జరిగినప్పుడు మాత్రం మైకులో పేరు వినిపిస్తుంది.

ఒహాయో స్టేట్‌కు ఆ ఏడాది దెబ్బ తగిలింది అక్కడే. అక్టోబర్ 12న ఆరెగన్‌తో 32–31తో ఓడిన మ్యాచ్‌లో ఎడమ టాకిల్ జోష్ సిమన్స్ మోకాలి గాయంతో సీజన్‌కే దూరమయ్యాడు. నవంబర్‌లో గార్డ్ డోనోవన్ జాక్సన్‌ను ఆ స్థానానికి జరిపారు. ఇండియానాతో మ్యాచ్‌కు ముందు సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్ కాలి మడమ దగ్గరి అకిలీస్ నరం తెగింది. ఇంకో ఆటగాణ్ని అక్కడికి పంపారు. వారాల వ్యవధిలో ఎడమవైపు సగం వరస కొత్తదైపోయింది.

అతుకులేసిన ఆ వరస ఎదుట మిషిగన్ నిలబెట్టింది మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్ అనే ఇద్దరు భారీకాయుల్ని. ఆ తర్వాతి ఏప్రిల్‌లో ఇద్దర్నీ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు డ్రాఫ్ట్ తొలి రౌండ్‌లోనే ఎంచుకున్నాయి. అయినా ఒహాయో స్టేట్ వాళ్లిద్దరి మధ్యకే పదేపదే పరుగెత్తింది. 26 పరుగులకు 77 గజాలే వచ్చాయి. బయట పాసులు అందుకోడానికి జెరెమయా స్మిత్ లాంటి మెరుపు రిసీవర్ ఉండగా ఈ మొండితనమేమిటని జనం తలలు పట్టుకున్నారు. వారాల క్రితం పెన్ స్టేట్ మైదానంలో ఇదే పని గెలిపించింది మరి. అక్కడ చివరి అయిదు నిమిషాలూ ఒక్క పాసూ వేయకుండా, పరుగులతోనే గడియారాన్ని ఖాళీ చేసి 20–13తో గట్టెక్కారు. ఒక చోట ధైర్యమనిపించుకున్నది ఇంకో చోట మూర్ఖత్వమైంది. ఎదురుగా ఎవరున్నారన్నదే తేడా.

జాతీయ ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్ పాత పద్ధతిలో నాలుగు జట్లకే. రెండు ఓటములున్న జట్టుకు ఎన్నడూ చోటు దొరకలేదు. 2024లోనే దాన్ని పన్నెండు జట్లకు పెంచారు, ఒహాయో స్టేట్‌కూ చోటు దొరికింది. అలా దొరికిన మూడు వారాల్లో లైన్‌లోకి కొత్త మనుషులేమీ రాలేదు. వాళ్ల నెత్తిన పెట్టిన బరువు మాత్రం మారింది. డిసెంబర్ 21న టెనెసీతో మొదటి నిమిషాల నుంచే బంతి బయటికి, స్మిత్ వైపుకు వెళ్లింది. తొలి క్వార్టర్‌కే 21–0, చివరికి 42–17. బయట కాపలా పెట్టక తప్పని ప్రత్యర్థికి మధ్యలో మనుషులు పలచబడ్డారు, అప్పుడు పరుగులకూ సందు దొరికింది. తర్వాతి రౌండ్‌లో, రోజ్ బౌల్ మ్యాచ్‌లో, ఓటమెరుగని ఆరెగన్ మీద 34–0 దాకా వెళ్లి, 41–21తో పాత బాకీ తీర్చుకున్నారు.

టెక్సస్‌తో సెమీఫైనల్‌లో ఒహాయో స్టేట్ డిఫెన్స్ లైన్‌ను చూడాల్సొచ్చింది. టెక్సస్ గోల్‌కు గజం దూరంలో ఉంది. మొదటిసారి మధ్యలోంచి తోస్తే కదల్లేదు. రెండోసారి మధ్యను నమ్మక బంతిని పక్కకు విసిరి ఏడు గజాలు పోగొట్టుకుంది. నాలుగో ప్రయత్నంలో ఆ లైన్‌లోని జాక్ సాయర్ టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ చేతిలోని బంతిని రాలగొట్టి, అందుకుని 83 గజాలు పరుగెత్తాడు. జనానికి గుర్తుండేది ఆ పరుగే. నాకు మాత్రం ఆ మొదటి ప్రయత్నమే కీలకమనిపిస్తుంది. అక్కడ టెక్సస్ కదిలి ఉంటే సాయర్ దాకా కథ వచ్చేదే కాదు.

2025 జనవరి 20న అట్లాంటాలో నోటర్ డేమ్ మీద 34–23తో ట్రోఫీ దక్కింది. ఆధిక్యం ఎనిమిది పాయింట్లకు పడిపోయి, మూడో ప్రయత్నంలో 11 గజాలు కావలసినప్పుడు క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ నిబ్బరంగా నిలబడి స్మిత్‌కు 56 గజాల పాస్ వేశాడు. అలా నిలబడే చోటు ఎవరో కాపాడి పెట్టిందే. ఆ తర్వాత విజయాన్ని ఖాయం చేసిన ఫీల్డ్ గోల్ కిక్కర్ జేడెన్ ఫీల్డింగ్‌ది. మిషిగన్ మీద రెండు ఫీల్డ్ గోల్స్ తప్పి ఊరంతటి తిట్లూ తిన్నవాడు అతనే.

ట్రోఫీతో మిషిగన్ ఓటమి చెల్లిపోయిందా అని కొలంబస్ ఇంకా వాదించుకుంటూనే ఉంది. చెల్లిపోలేదనే నా ఉద్దేశం, చెల్లిపోవాల్సిన పనీ లేదు. ఆ రెండు ఫలితాలకూ కారణం ఒకే చోట, ఆ ముందు వరసలోనే ఉంది. అక్కడ చూడటం అలవాటైనవాడు ఓడిన రోజు కోచ్ తల కోరడు, గెలిచిన రోజు ఒక్కణ్నే భుజాన మోయడు. స్కోరు పట్టికలో లైన్ ఆటగాడికి గజాలుండవు, టచ్‌డౌన్లుండవు. ఆటగాళ్లను ఎంచుకునేవాళ్లకు మాత్రం వాళ్ల విలువ తెలుసు. 2025 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ తొలి రౌండ్‌లో మినెసోటా వైకింగ్స్ ఎంచుకున్నది, సీజన్ మధ్యలో చోటు మారి నిలబడిన ఆ డోనోవన్ జాక్సన్‌నే.