రెండో అంబులెన్సు ఎక్కడ నిలపాలి?

ఆసుపత్రికి డబ్బులు ఎంత వచ్చాయని అందరూ అడుగుతారు. వచ్చిన డబ్బులను ఎక్కడ పెడితే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయని అడిగేవారు తక్కువ. ఆ రెండో ప్రశ్నను లెక్కలోకి దించే శాస్త్రమే ఆపరేషన్స్ రీసెర్చ్. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం అవసరాల కోసం పుట్టి, ఫ్యాక్టరీల మీదుగా ఆసుపత్రుల్లోకి వచ్చింది. ఆపరేషన్ థియేటర్ వేళలు, నర్సుల డ్యూటీలు, బ్లడ్ బ్యాంకు నిల్వలు, అంబులెన్సుల స్థావరాలు అన్నీ ఇప్పుడు దాని పరిధిలోవే. ఇందులో పనితనం ఎలా ఉంటుందో చూడాలంటే అంబులెన్సుల లెక్కనే పట్టుకోవాలి. దాన్ని కృష్ణా డెల్టాలోని దివిసీమ నేల మీద పెట్టి చదివితే ఇంకా బాగా బోధపడుతుంది.

1971లో టోరెగస్, స్వెయిన్, రెవెల్, బెర్గ్‌మన్ అనే నలుగురు ఒక ప్రశ్న వేశారు. ప్రతి ఊరికీ నిర్ణీత సమయంలో బండి చేరాలంటే కనీసం ఎన్ని స్థావరాలు కావాలి? ప్రశ్న న్యాయమైనదే, కానీ జవాబుగా వచ్చే సంఖ్య ఏ ప్రభుత్వమూ భరించలేనంత పెద్దది కావచ్చు. 1974లో చర్చ్, రెవెల్ దాన్ని తిరగేశారు. ఉన్నవి ఇన్ని బళ్లే అయినప్పుడు, ఎక్కడ నిలిపితే ఎక్కువమందికి సకాలంలో అందుతాయి? ఈ ఒక్క మలుపుతో సిద్ధాంతం బడ్జెట్ మాట్లాడటం నేర్చుకుంది. అయినా ఒక లోపం మిగిలింది. స్థావరంలో బండి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుందని ఆ లెక్క నమ్మింది. ఫోన్ చేసేసరికి అది వేరే కేసు మీద వెళ్లి ఉండొచ్చు కదా! 1983లో మార్క్ డాస్కిన్ ఆ సంగతిని లెక్కలోకి తెచ్చారు.

ఆయన పనితనం చిన్న ఉదాహరణలో కనిపిస్తుంది. అంకెలు నేను ఊహించుకున్నవి. ఒక టౌన్లో 20,000 మంది, అవతల లంకల్లో 5,000 మంది ఉన్నారనుకుందాం. టౌన్లో ఒక బండి ఉంది, రెండోది మంజూరైంది. ఒక్కో బండి పది గంటల్లో మూడు గంటలు వేరే కేసు మీద ఉంటుంది. రెండో బండినీ టౌన్లోనే పెడితే, మొదటిది లేనప్పుడు మాత్రమే అది అక్కరకొస్తుంది. 0.3ను 0.7తో గుణిస్తే 0.21, అంటే అదనంగా 4,200 మందికి భరోసా. లంకల వైపు పెడితే 5,000లో 70 శాతం, అంటే 3,500. టౌనే నెగ్గింది. ఇప్పుడు బళ్లు పది గంటల్లో రెండు గంటలే తీరిక లేకుండా ఉన్నాయనుకోండి. టౌన్లో అదనపు లాభం 3,200కు పడిపోతుంది, లంకల్లో 4,000కు పెరుగుతుంది. తీర్పు తారుమారైంది. ఊళ్లు కదల్లేదు, జనాభా మారలేదు. మారింది బండి తీరిక ఒక్కటే. మ్యాపు చూసి చెప్పేద్దామనుకునేవారి నోరు మూయించే లెక్క ఇది.

మన 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. ఫోన్ వచ్చిన వేళ, బండి కదిలిన వేళ, ఆసుపత్రి చేరిన వేళ నమోదయ్యే ఇలాంటి సేవలో పరిశోధకుడికి కావలసిన ముడిసరుకు ఉంది. కానీ పుస్తకంలోని సూత్రం కృష్ణా డెల్టాలో యథాతథంగా పనిచేయదు. నాగాయలంక మండలంలో ఏటిమొగ నుంచి ఎదురుమొండికి పంటు మీద నది దాటాలి. అక్కడ దూరం కిలోమీటర్లలో ఉండదు, పంటు ఏ ఒడ్డున ఉందన్న దానిలో ఉంటుంది. గుడివాడలో రైలు గేటు పడితే నిమిషాలు మారిపోతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వదిలినప్పటిలాంటి వరదలో లంకల దారులే మారిపోతాయి. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన దివిసీమకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

పాముకాటు ఇంకో లెక్క. 2018 వానాకాలంలో దివిసీమలో కాట్లు ఎక్కువై, పరిస్థితి మోపిదేవిలో సర్పశాంతి హోమం జరిపించేదాకా వెళ్లింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ మన దేశంలో వాడేది ఒకే విరుగుడు మందు. అన్ని పీహెచ్‌సీల్లోనూ దండిగా నింపితే గడువు తీరి పారబోయాలి. ఒక్క అవనిగడ్డలోనే ఉంచితే కోడూరు పొలంలో కాటు తిన్న కూలీకి ఆలస్యమవుతుంది. ఊడ్పుల కాలంలో ఎక్కడ ఎన్ని వయల్స్ ఉండాలన్నది అచ్చమైన ఆపరేషన్స్ రీసెర్చ్ ప్రశ్న.

ఇలాంటి ప్రశ్నల మీద పనిచేయాలని, పీహెచ్‌డీ ముగించి పోస్ట్‌డాక్ వెతుక్కునే మన పిల్లలకు దారులున్నాయి. ఐఎస్‌బీలో ఆరోగ్య నిర్వహణకే ప్రత్యేకంగా మ్యాక్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఐఐటీ బొంబాయిలో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్, ఆపరేషన్స్ రీసెర్చ్ విభాగం ఉంది. విదేశాలకు వెళ్లాలనుకుంటే ఎంఐటీలో 1953 నుంచి నడుస్తున్న ఆపరేషన్స్ రీసెర్చ్ సెంటర్ ఉంది, టొరంటో విశ్వవిద్యాలయంలో అంబులెన్సుల మీదా, గుండెకు షాకిచ్చే డీఫిబ్రిలేటర్ల మీదా పనిచేసే బృందం ఉంది. ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది నీ సమస్య ఏమిటనే.

ఆ సమస్య ఇక్కడే దొరుకుతుంది. చర్చ్, రెవెల్, డాస్కిన్ సూత్రాలు ఎక్కువమందికి మేలు జరగాలని చూస్తాయి. తక్కువమంది ఉన్న చోట ఏం చేయాలో అవి చెప్పవు. బళ్లకు తీరిక తగ్గిన ప్రతిసారీ 5,000 మంది ఉన్న లంక 20,000 మంది ఉన్న టౌను చేతిలో ఓడిపోవాలా? పంటు వేళలను, వరద రోజులను, ఈ న్యాయాన్ని ఒకే లెక్కలో ఇమిడ్చితే అది పత్రికలో అచ్చయ్యే పని మాత్రమే కాదు, బందరు కలెక్టరేట్‌కు పనికొచ్చే కాగితం కూడా. ప్రతిపాదన రాసే ముందు ఒకసారి ఏటిమొగ రేవులో నిలబడి, పంటు రాకపోకలను గడియారం పట్టి రాసుకోండి. మీ మొదటి డేటా అదే.