ఆటలో దాచిన పేరు

నవల అట్ట మీద నా పేరుంటుంది. నచ్చకపోతే తిట్టుకోవడానికైనా అది పనికొస్తుంది. తొలినాళ్ల వీడియో ఆటలు చేసినవాళ్లకి ఆపాటి భాగ్యం కూడా లేదు. అంచేతే కాబోలు, కొందరు ఆటలోపలే ఏదో ఒకటి దాచిపెట్టారు.

అమెరికాలోని అటారీ కంపెనీ 1977లో ‘స్టార్‌షిప్ 1’ అనే ఆట తెచ్చింది. నిలువెత్తు పెట్టెలో నాణెం వేసి ఆడాలి. మీటల్ని ఒక ప్రత్యేకమైన వరసలో వాడితే తెరమీద ‘హాయ్ రాన్!’ అని పడుతుంది, పది ఆటలు ఉచితం! దాన్ని చేసిన రాన్ మిల్నర్ చిలిపితనం అది. లోకానికి తెలిసింది 2017లో. అంటే నలభై ఏళ్లకి!

అదే కంపెనీ 1980లో టీవీకి తగిలించి ఆడుకునే ‘అడ్వెంచర్’ తెచ్చింది. చేసినవాళ్ల పేర్లు వేసే అలవాటు ఆ కంపెనీకి లేదు. వారెన్ రాబినెట్ ఊరుకోలేదు. కంటికి ఆనీ ఆనని చుక్క ఒకటి ఆటలో పెట్టాడు. దాన్ని సరైన చోటికి మోసుకెళితే గోడ దాటి ఒక గదిలోకి వెళ్లొచ్చు. అక్కడ ఆయన పేరు! ఒక పదిహేనేళ్ల కుర్రాడు దాన్ని కనిపెట్టేసరికి ఆయన ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు కూడా.

నా మటుకు రెండోదే గొప్ప. మొదటిది తనలో తాను నవ్వుకోవడం. రెండోది గోడగోడా తడిమి చూసినవాళ్లకి దక్కే బహుమానం. మన గర్భకవిత్వంలో చంపకమాల కడుపులో కందం దాచినా అంతే కదా! లోపలిది తెలియకపోయినా పై పద్యం తన కాళ్లమీద తాను నిలబడాలి. తెలిస్తే ఆనందం రెట్టింపు కావాలి.

అయితే ఒక్క తేడా ఉందండీ. కవి దాచింది విద్య, రాబినెట్ దాచింది పేరు. విద్య దాచడం వినోదం. పేరు దాచుకోవలసి రావడం వినోదం కాదు.

ఇలాంటివాటిని ఇప్పుడు ‘ఈస్టర్ గుడ్లు’ అని ముద్దుగా పిలుస్తూ వెతుకుతున్నారు. వెతకనివ్వండి. మా పోలవరంలో ఏ ఇంట్లో చూసినా స్టీలు గిన్నెమీద కొనిచ్చినవారి పేరు చెక్కి ఉంటుంది. అందులోని గుత్తివంకాయ కూర ఎవరు వండారో ఏ గిన్నే చెప్పదు. రాబినెట్ బాధ మనకి కొత్తా, చెప్పండి?