వంశం చెప్పేవాళ్లు

హైదరాబాద్ కొత్తపేట అపార్ట్‌మెంట్లలో నల్లగొండ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు చాలామందే. ముత్తాత పేరేమిటని అడగండి, నీళ్లు నములుతారు. అదే పేరు ఊళ్లో వంశరాజుల నోట తడుముకోకుండా వస్తుంది. పూర్వం పిచ్చకుంట్లవారు అనేవాళ్లు వీళ్లనే. రెడ్లు మొదలైన కులాల గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పడం వీళ్ల వృత్తి. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు ఉన్నట్టే.

చెప్పే తీరు చూడాలి. ముందు గోత్రం, తర్వాత ఇంటిపేరు, ఆపైన తాతలు, వాళ్ల కొడుకులు, రాగం తీస్తూ ఒక్కో పేరూ. తప్పు దొర్లితే అరుగు మీది ముసలవ్వ ఊరుకోదు: “అయ్యా, మా మామకు ఇద్దరు తమ్ములు, ఒకణ్ణి మింగినవ్!” వంశరాజు వెంటనే సరిదిద్దుకుంటాడు. ఏ కుటుంబానికి ఏ ఊళ్లు మిరాశీయో వాళ్లలో కట్టుబాటుంది కాబట్టి, అవే ఇళ్ల పేర్లు తండ్రి నుంచి కొడుక్కి అందుతాయి.

కాగితమూ కావాలి. 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులో అప్పటి పట్టాదారు, సాగుదారు పేర్లు దొరుకుతాయి. అంతకు ముందటివి కావాలంటే సేత్వార్ అనే సెటిల్‌మెంట్ రిజిస్టరు, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ చూడాలి. ఉర్దూ, ఫార్సీ చదివేవాళ్లను వెంట తీసుకెళ్లాలి. కానీ భూమీ సాగూ లేనివాడు పహాణీలో ఉండడు. ఆడబిడ్డలైతే కాగితంలోనూ, వంశరాజుల నోటా తక్కువే, అది పెద్ద లోపం.

ఈసారి ఊరెళ్లినప్పుడు వంశరాజు కనబడితే కూర్చోబెట్టండి. అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. సంభావన దగ్గర మాత్రం బేరమాడకండి.