కిటికీలోంచి పడే వెలుగు

హారర్ సినిమా పోస్టర్‌కు కొన్ని కట్టుబాట్లు ఎప్పుడో స్థిరపడిపోయాయి. చుట్టూ చీకటి, అందులో ఒకే ఒక్క వెలుగు, ఎక్కడో ఒంటరి మనిషి, కింద చిన్న అక్షరాల్లో ట్యాగ్‌లైన్. వీటిలో అసలు పని చేసేది వెలుగు.

1973 నాటి ‘ది ఎగ్జార్సిస్ట్’ పోస్టర్‌నే చూడవచ్చు. రూపకర్త బిల్ గోల్డ్. మేడ మీది కిటికీలోంచి వెలుగు ఏటవాలుగా వీధిలోకి పడుతుంది. అందులో టోపీ పెట్టుకుని, సంచి పట్టుకుని ఒక మనిషి ఇంటి ముందు ఆగి ఉంటాడు. ముఖం కనిపించదు, నల్లని ఆకారమే. దయ్యం పట్టిన పిల్ల జాడే లేదు. చీకట్లో దీపం కనిపిస్తే ప్రాణం కుదుటపడుతుంది కదా, ఇక్కడ భయం ఆ దీపమున్న గదిలోనే ఉంది. బెల్జియం చిత్రకారుడు రెనే మాగ్రిట్ ‘ఎంపైర్ ఆఫ్ లైట్’ చిత్రాల ప్రేరణతో దర్శకుడు ఫ్రీడ్‌కిన్ తీసిన దృశ్యమిది.

‘ఏలియన్’ (1979) పోస్టర్‌లో ఆ వెలుగే గుడ్డు పగులులోంచి ఆకుపచ్చగా కారుతుంది. తమాషా ఏమిటంటే, అది సినిమాలోని గుడ్డులా ఉండదు, కోడిగుడ్డుకే దగ్గరి చుట్టం. దానివల్ల పోస్టర్‌కు మేలే జరిగింది: వంటింట్లో రోజూ చూసే వస్తువే మరి. ‘హాలోవీన్’ (1978)లోనూ అంతే, గుమ్మడికాయ గాట్లే కత్తి పట్టిన పిడికిలిగా మారిపోతాయి.

‘జాస్’ (1975) మాత్రం సొరచేపను నిలువునా చూపించేసింది. రోజర్ కాస్టెల్ మొదట నవల పేపర్‌బ్యాక్ అట్ట కోసం వేసిన బొమ్మ అది. కోరలు తెరుచుకుని అది పైకి వస్తుంటే, నీటి మీద ఈదుతున్న అమ్మాయికి ఆ సంగతే తెలియదు. చూసేవాడికి తెలుసు. గుట్టంతా అక్కడుంది.

రామ్సే సోదరుల ‘పురానా మందిర్’ (1984) లాంటి హిందీ సినిమాల పోస్టర్లకు ఈ గుట్టుతో పని లేదు. భూతం ముఖం, భయపడే జనం, రక్తం రంగు, అన్నీ ఒకే కాగితం మీద కిక్కిరిసి ఉంటాయి. దాన్ని మోటు అనడం తొందరపాటు. బస్సులో పోయేవాడు రెప్పపాటులో చూసే గోడబొమ్మ అలాగే అరవాలి.

‘ది రింగ్’ (2002) తరువాత ముఖం మీద పడ్డ జుట్టు, తెల్లబడ్డ గుడ్లు, నీలి చీకటి అరిగిపోయేదాకా వాడారు. ఇప్పుడు ఓటీటీలో పోస్టర్ ఫోన్ తెర మీద బొటనవేలి గోరంత. అంతలో కిటికీ కింది ఆ మనిషి చుక్కయిపోతాడు. అందుకే మళ్లీ తెరనిండా ముఖమే.